రాత్రిపూట పడుకొను చోటు

కలప డిపో వాచ్‌మన్‌కు పగలే రాత్రి. తెల్లవారగానే తాళాలు పగటి మనిషి చేతిలో పెట్టి, ఇంటికొచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, భార్య పెట్టింది తిని, కిటికీ పక్క మంచం మీద వాలాడంటే మళ్ళీ పొద్దు వాటారేదాకా లోకంతో అతనికి పని లేదు. ఆ మంచానికి మూరెడు దూరంలోనే భార్య కుట్టుమిషను. స్కూలు యూనిఫారాలు, దిండు గలీబులు, చిరిగిన కోటు జేబులు, ఏది వచ్చినా కుట్టేది. మిషను టకటకలు, బయట బండ్లవాళ్ళ కేకలు, పక్కింటి ఇస్త్రీ అక్క పెట్టె దబ్బున దించే చప్పుడు, వీటికి తోడు నేరుగా ముఖం మీద పడే ఎండ. ఇన్నిటి మధ్యా అతను ఆదమరిచి నిద్రపోయేవాడు. సందులో అందరూ భార్యను టైలరమ్మ అని పిలిచేవారు. అతన్ని నిలబడి ఉండగా చూసినవాళ్ళే తక్కువ కాబట్టి ఏమీ అనేవారు కాదు.

అలాంటి మనిషి నిద్రకు వార్డు ఎన్నిక అడ్డం వచ్చింది.

సంగతేమిటంటే, టైలరమ్మ గుమ్మం ముందు మురుగు కాలువ మీద బండ విరిగిపోయింది. కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళు ఒక కాలు అందులో పెట్టి రెండో కాలితో లోపలికొచ్చేవారు. ఆమె వార్డు పాత మెంబరు ఇంటికి తిరిగి తిరిగి చెప్పులరగదీసింది. ఆయన ప్రతిసారీ చూద్దాంలే అనేవాడు. చివరికి ఒకరోజు, తన మనుషులంతా చుట్టూ ఉండగా, "అంత తెలిసినదానివి, నువ్వే నిలబడరాదూ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు. ఎవరైనా నడుము కొలత చెబితే ఆమె దాన్ని హాస్యంగా తీసుకోదు, రాసుకుంటుంది. ఈ మాటనూ అలాగే తీసుకుంది. మర్నాడే పోయి నామినేషన్ కాగితాలు తెచ్చుకుంది.

కాగితాల్లో అన్నీ కుదిరాయి, ఒక్క సంతకం తప్ప. ఫలానా మనిషిని నేను ప్రతిపాదిస్తున్నాను అని అదే వార్డు ఓటరు ఇంకొకరు సంతకం పెట్టాలి. సందులో ఇంచుమించు ఇళ్ళన్నీ పాత మెంబరువే. అద్దెకున్నవాళ్ళంతా టైలరమ్మను చూసి జాలిగా నవ్వి, చేతికి దెబ్బ తగిలిందనో, కళ్ళజోడు పగిలిందనో చెప్పారు. ఇస్త్రీ అక్క ఒక్కతే ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఓటు నీకే వేస్తానే. అది ఎవరికీ కనపడదు. సంతకమైతే కనపడుద్ది."

వీళ్ళున్న ఇల్లు మాత్రం టైలరమ్మ పిన్ని ఇచ్చి పోయింది. దానికి అద్దె లేదు, భయం లేదు. కాబట్టి సంతకం పెట్టగల మనిషి మంచం మీదే ఉన్నాడు. వాచ్‌మన్ కూడా సరేనన్నాడు. తీరా ఓటర్ల జాబితా తెప్పించి చూస్తే అందులో ఆమె పేరుంది, అతని పేరు లేదు. పేర్లు రాసుకునేవాళ్ళు ఇంటికి వచ్చినరోజు, ఆయన పడుకున్నాడు, సాయంత్రం రండి అని చెప్పి పంపింది టైలరమ్మే. వాళ్ళు సాయంత్రం వచ్చేసరికి అతను డిపోకు వెళ్ళిపోయాడు. అక్కడితో అతని పేరు ఎక్కకుండానే ఉండిపోయింది. పేరు చేర్చుకోవడానికీ, నామినేషన్ వేయడానికీ శుక్రవారమే ఆఖరు.

సోమవారం పొద్దున్నే, డ్యూటీ దిగిన మనిషిని దిగినట్టే వార్డు ఆఫీసుకు లాక్కుపోయింది టైలరమ్మ. అక్కడ ఓటర్ల పని చూసే గుమస్తాను వెనకాల అందరూ రూళ్ళకర్ర అంటారు. మనిషి అలాగే ఉంటాడు, నిటారుగా, సన్నగా, ఎక్కడా వంపు లేకుండా. ఆఫీసు పెన్నుతో ఇంటి సామాన్ల చీటీ కూడా రాసుకోడు. ఎవరో ఎప్పుడో ఆయన మామూలు అడిగాడని పుకారు పుట్టించారట. అప్పటినుంచి ఆయన కుర్చీ వెనక గోడ మీద పెద్దక్షరాలతో ఒక అట్ట వేలాడుతోంది: 'ఈ గదిలో మామూలు అను మాట వాడరాదు.'

గుమస్తా కాగితం అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, మొదటి ప్రశ్న అడిగాడు.

"మీరు ఈ వార్డులో సాధారణ నివాసేనా?"

"సాధారణమేనండి," అన్నాడు వాచ్‌మన్ వినయంగా. "బాగా సాధారణం."

"మనిషి ఎలాంటివారని కాదండీ అడిగింది. రోజూ ఎక్కడుంటారని."

"మామూలుగా అయితేనండీ..."

టైలరమ్మ అతని కాలు తొక్కింది. గుమస్తా తల తిప్పకుండానే వేలితో వెనక గోడ చూపించాడు. వాచ్‌మన్ అట్ట చదివాడు. ఆ మాట తీసేస్తే చెప్పాల్సిందంతా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

గుమస్తా ప్రశ్నను తేలిక చేశాడు. రాత్రిపూట ఎక్కడ పడుకుంటారో చెప్పమన్నాడు.

"పడుకోనండి."

"ఏ రోజూనా?"

"రాత్రి పడుకుంటే ఉద్యోగం ఊడుద్దండి."

సెలవు రోజైనా పడుకోరా అని అడిగాడు గుమస్తా. సెలవు రోజు రాత్రి అరుగు మీద కూర్చుని సందును చూసుకుంటానని చెప్పాడు వాచ్‌మన్. గుమస్తా బీరువాలోంచి నిబంధనల పుస్తకం తీసి, వేలు పెట్టి, బడిపిల్లవాడిలా కూడబలుక్కుంటూ చదివాడు: రాత్రిపూట పడుకొను చోటునే నివాసముగా భావించవలెను. చదివి పుస్తకం మూసి, రోగం తేలిన డాక్టరులా ఇద్దరినీ చూశాడు. రాత్రిపూట ఎక్కడా పడుకోని మనిషి ఎక్కడా నివసించనట్టే అన్నాడు.

"ఇన్నేళ్ళనుంచీ నాతోనేగా సార్ ఉంటున్నాడు," అంది టైలరమ్మ.

"ఉంటున్నారమ్మా. నివసించడం లేదు."

ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే బాధపడుతున్నాడు. దారి కూడా ఆయనే వెతికాడు. డిపోలో పడుకుంటున్నట్టు రాసిస్తే ఆ వార్డులో ఓటు ఇవ్వవచ్చన్నాడు. ఆ మాటకు వాచ్‌మన్ ముఖం ఎర్రబడింది. డ్యూటీలో కన్ను మూసిన మనిషిని కాదు నేను, పడుకుంటానని కాగితం మీద రాసి కింద సంతకం కూడా పెట్టమంటారా అని అడిగాడు. పైగా ఆ వార్డు ఓటుతో భార్యకు పనే లేదు.

ఇంకొక దారి ఉంది. అనుమానం వచ్చినచోట అధికారి స్వయంగా వెళ్ళి కళ్ళారా చూసి రాయవచ్చు. కానీ చూడాల్సింది రాత్రిపూట. గుమస్తా పనివేళలు పగటిపూట. వేళ దాటి పని చేయాలంటే పైనుంచి అనుమతి రావాలి. అది శుక్రవారం లోపల రాదు, బహుశా వచ్చే ఎన్నిక లోపల కూడా రాదు.

"ఆఫీసు టైములో రాత్రి రాదమ్మా," అన్నాడు గుమస్తా. "నేనేం చెయ్యను?"

టైలరమ్మ కాసేపు బల్ల మీద గుడ్డ లేకుండానే గుడ్డ సాపు చేసింది. తర్వాత అడిగింది. "రాత్రంటే టైమా సార్, చీకటా?"

గుమస్తా పుస్తకం మళ్ళీ తెరిచాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పాడు. నామినేషన్ అంటే ఏమిటో అందులో ఉంది. కుటుంబం అంటే ఏమిటో ఉంది. రాత్రి అంటే ఏమిటో ఎక్కడా లేదు. పుస్తకంలో లేని అర్థం తన నోటితో చెప్పే మనిషి కాదాయన. చీకటిగా ఉంటే అభ్యంతరం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని ఒప్పుకుని, గురువారం భోజనం చేసి వస్తానన్నాడు.

ఈ కబురు టైలరమ్మ కంటే ముందే సందుకు చేరింది. సంతకం పెట్టలేకపోయినవాళ్ళందరికీ ఆ సిగ్గు లోపల ఎక్కడో గుచ్చుకుంటున్నట్టుంది, చీకటి చేయడానికి మాత్రం ఎగబడి వచ్చారు. సంతకం తప్ప ఏ సాయమైనా అడగమన్నారు. టైలరమ్మ కోటు లైనింగు కోసం దాచిన నల్లగుడ్డ తీసి కిటికీలకు కుట్టింది. ఇస్త్రీ అక్క తన బల్ల మీద పరిచే దుప్పట్లు తెచ్చి తలుపు సందులకు కుక్కింది. పైకప్పు రేకు చిల్లులో ఎవరో పాత టోపీ దూర్చారు. గురువారం మధ్యాహ్నం కూరగాయల బండివాణ్ణి సందు మొదట్లోనే ఆపి, లోపల రాత్రయింది, అరవకు అని చెప్పి పంపేశారు. వాడు ఎండలోకి తలెత్తి చూసి, మారు మాట్లాడకుండా బండి తిప్పుకున్నాడు.

టైలరమ్మ ఆ రోజు పొద్దుటి నుంచి వాచ్‌మన్‌ను కన్ను మూయనివ్వలేదు. ఇప్పుడు పడుకుంటే అప్పుడు నిద్ర రాదని ఆమె లెక్క. అతని చేత గుండీలు కుట్టించింది, దారాలు చిక్కు తీయించింది, నిలబెట్టి కోటు కొలత చూసింది. మధ్యాహ్నానికి అతను నిలబడే తూగుతున్నాడు. ఇంకొక్క గంట, ఇంకొక్క గంట అని ఆమె బతిమాలుతుంటే, నిద్ర రెప్పల మీదే కూర్చుని ఉందే, చేత్తో తోలినా పోదు అని భరోసా ఇచ్చాడు.

గుమస్తా వచ్చాడు. చేతిలో సంచి, సంచిలో పుస్తకం, టార్చిలైటు. మిట్టమధ్యాహ్నపు ఎండలో గొడుగు మూస్తున్న ఆయనతో ఇస్త్రీ అక్క, బాగా పొద్దుపోయింది సార్, కాలువ ఉంది, చూసి దాటండి అంది. ఆయన ఆ మాటను కూడా పరిశీలనలో భాగంగా తీసుకుని తలూపాడు. చూస్తూనే ఒక కాలు కాలువలో పెట్టి లోపలికొచ్చాడు. తలుపు మూశారు.

నిజంగానే రాత్రయింది. తన చెయ్యి తనకే కనపడని చీకటి. గుమస్తా తడుముకుంటూ కుర్చీలో కూర్చుని, టార్చి వేసి వాచ్‌మన్ మంచం మీద పడుకోవడం చూసి, టార్చి ఆర్పేశాడు. మిషను ఆగింది. సందు ఆగింది. ఎక్కడా చప్పుడు లేదు.

వాచ్‌మన్ కళ్ళు మూసుకున్నాడు. పొద్దుటినుంచీ రెప్పల మీద కూర్చున్న నిద్ర, తలుపు మూయగానే లేచి వెళ్ళిపోయినట్టయింది. ఒళ్ళంతా చెవులయ్యాయి. కుళాయి చుక్క ఎక్కడ పడుతోందో తెలుస్తోంది. కప్పు మీద ఎలుక ఏ మూల నుంచి ఏ మూలకు పోతోందో తెలుస్తోంది. చీకటి పడితే ఈ ఒంటికి తెలిసిందొకటే పని. అతను లోపల్లోపల ఆ ఒంటికి నచ్చజెప్పాడు, ఇది డిపో కాదు, ఇల్లు, ఇది రాత్రి కాదు, పగలే అని. మళ్ళీ నాలిక కరుచుకున్నాడు. ఇది పగలని తేలితే మొత్తానికే మోసం.

"వచ్చిందా?" అన్నాడు గుమస్తా చీకట్లోంచి, గుసగుసగా.

"వస్తోందండి."

కాసేపటికి గుమస్తా చేతిలోంచి పెన్ను మూత జారి నేల మీద దొర్లింది. వాచ్‌మన్ ఒక్క ఊపున మంచం దిగి కర్ర అందుకున్నాడు.

"ఎవడ్రా అక్కడ? చేతులు పైకెత్తి ముందుకు రా."

గుమస్తా రెండు చేతులూ పైకెత్తి ముందుకు వచ్చాడు. నేనేనండి, ఓటర్ల గుమస్తాని అని రెండుసార్లు చెప్పుకోవలసి వచ్చింది. టైలరమ్మ పరుగున వచ్చి మొగుడి చేతిలో కర్ర లాక్కుని, పడుకోవయ్యా బాబూ అని తోసింది. వాచ్‌మన్ సిగ్గుతో చచ్చి, క్షమించమని వేడుకుని, టార్చి వెలుగులో మళ్ళీ పడుకున్నాడు. టార్చి ఆరింది.

ఈసారి ఇంకా కష్టమైంది. అంతలో కుర్చీ వైపు నుంచి ఒక చప్పుడు మొదలైంది. ముందు సన్నగా, తర్వాత రంపం కోతలా. కడుపు నిండా తిని, ఎండన పడి నడిచి వచ్చి, చల్లటి చీకట్లో కూర్చున్న రూళ్ళకర్ర గురక పెడుతున్నాడు. వాచ్‌మన్ లేచి కూర్చున్నాడు. డిపోలో లారీ దగ్గర ఎవడైనా కునుకు తీస్తే తట్టి లేపడం అతని పని.

"డ్యూటీలో నిద్రపోతున్నాడే," అన్నాడు గొంతు తగ్గించి.

"లేపకు. ఆయన లేచేలోపు నువ్వు పోయేట్టు చూడు."

"రావట్లేదే. చీకటిగా ఉంది కదా."

టైలరమ్మ మంచం అంచున కూర్చుంది. ఏడుస్తోందేమోనని అతను చెయ్యి పెట్టి చూశాడు, చెంప పొడిగానే ఉంది.

"ఏవయ్యా," అంది. "ఆ రోజు వాళ్ళంతా నవ్వారు చూడు. కాలువ సంగతి పోనీ, దూకి వస్తారు జనం. ఆ నవ్వే నాకు మింగుడు పడట్లేదు. ఓడిపోయినా సరే, నా పేరు ఆ కాగితం మీద ఒకసారి అచ్చు పడాలి."

కళ్ళు మూసుకుని ఊరికే పడుకో, ఆయనకేం తెలుస్తుంది అని ఆమె అనలేదు. అంటుందేమోనని అతను భయపడ్డాడు. అంటే చేసేవాడే. ఆమె అనకపోయేసరికి అతనికి ఇంకా దిగులైంది. గోడ వైపు తిరిగి, కళ్ళు గట్టిగా బిగించి, ఒకటే ప్రయత్నం చేశాడు. నిద్ర అనేది ప్రయత్నం చేస్తే వచ్చే పని కాదని అతనికి ఆ రోజే తెలిసింది. ఆ ఇంట్లో గురక ఒక్కటే సాగింది.

ఆఫీసు మూసే వేళకు, ఎవరూ లేపకుండానే గుమస్తా ఉలిక్కిపడి లేచాడు. టార్చి వేశాడు. వాచ్‌మన్ రెండు కళ్ళూ ఆ వెలుగులో తళుక్కున మెరిశాయి.

"నిద్రపోయారా?"

"లేదండి. మీరు పోయారు."

గుమస్తా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నిద్రండీ," అన్నాడు వాచ్‌మన్ కంగారుగా. "నిద్ర."

టైలరమ్మ ఇక చేసేదేముందన్నట్టు కిటికీ నల్లగుడ్డ ఒక్క లాగు లాగింది. సాయంత్రపు ఎండ గదంతా నిండింది. గుమస్తా కుట్టుమిషను బల్ల మీద కాగితం పెట్టుకుని, పెన్ను తెరిచి, రాయకుండా కూర్చున్నాడు. ఎంతసేపు చూసినా పెన్ను కదలదు. ఆఖరికి తన ఇబ్బంది ఏమిటో చెప్పుకున్నాడు. దరఖాస్తుదారు నిద్రపోయాడని రాయాలంటే కళ్ళారా చూసి ఉండాలి, చూడలేదు. నిద్రపోలేదని రాయాలన్నా కళ్ళారా చూసి ఉండాలి, అదీ చూడలేదు. ఆ సమయంలో తన కళ్ళు మూసి ఉన్నాయి.

"నేనే చెబుతున్నానుగా సార్, పోలేదని," అన్నాడు వాచ్‌మన్.

"మీ మాట చెల్లదండీ. మీరు దరఖాస్తుదారు."

"పోనీ, చూసిందేదో అదే రాయండి సార్," అంది టైలరమ్మ నీరసంగా.

గుమస్తా ఆలోచించాడు. ఈయన మంచం మీద పడుకోవడం చూశాను. లేచారు. మళ్ళీ పడుకోవడం చూశాను. అది మాత్రం ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను అన్నాడు. 'చీకటి వేళ ఈ ఇంట పడుకొనగా రెండుమార్లు చూచితిని' అని రాశాడు. రాసి, ఆ ముక్క మీద పెన్ను ఆపాడు. సంచిలోంచి పుస్తకం తీశాడు. వేలు పెట్టాడు. పెదవులు కదిలాయి. మళ్ళీ చదివాడు.

"పడుకొను చోటు," అన్నాడు. "పడుకొను."

ఇద్దరూ బల్ల మీదికి వంగారు.

"నిద్రించు అని లేదమ్మా ఇందులో. నిద్ర మాటే లేదు." ఇన్నేళ్ళుగా ఎందర్ని నిద్ర గురించి అడిగి తిప్పి పంపానో అని కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత 'నివాసి' అని రాసి కింద గీత గీశాడు. టైలరమ్మ కాగితం వైపు చెయ్యి చాపేలోపు ఇంకో వాక్యం కూడా చేర్చాడు: 'పరిశీలన వేళ పరిశీలకుడు కొంతసేపు నిద్రించెను.' ఆ వాక్యం వద్దు సార్, మీకే ముప్పు అని ఆమె ఎంత చెప్పినా వినలేదు. జరిగింది కదమ్మా అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆ కాగితం పై అధికారిణి బల్ల మీదికి చేరింది. వాచ్‌మన్, టైలరమ్మ గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నారు. ఆవిడ చివరి వాక్యం దగ్గర ఆగి, నవ్వు దాచుకుంటూ, రాత్రిపూట మీరు కూడా ఆ ఇంట్లోనే ఉన్నట్టుంది, మీ ఓటు కూడా అక్కడికే మార్చమంటారా అని గుమస్తాను అడిగింది.

గుమస్తా ఆ ప్రశ్నను పూర్తిగా పరిశీలించి జవాబిచ్చాడు.

"కుదరదు మేడమ్. నేను కూర్చుని నిద్రపోయాను. పడుకోలేదు."

ఆవిడ సంతకం పెట్టేసింది.

నామినేషన్ల గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. పాత మెంబరు తన మందతో ముందే వచ్చి కూర్చున్నాడు. టైలరమ్మ కాగితం విప్పి బల్ల మీద సాపు చేసి, వేలితో చోటు చూపించింది. వాచ్‌మన్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా, డిపో గేటు పుస్తకంలో పెట్టే సంతకం కంటే పెద్దగా పెట్టాడు. అధికారిణి పైకి చదివింది, ప్రతిపాదించినవారు ఈ వార్డు నివాసి అని. ఆ మాట చెవిన పడ్డాక అతను వెనక్కి వచ్చాడు. కిటికీ పక్క బల్ల మీద కూర్చున్నాడు. ముఖం మీద ఎండ పడుతోంది, చుట్టూ అరుపులు, కుర్చీలు లాగే చప్పుడు, ఎవరో ఎవరినో తోస్తున్నారు. గోడకు తల ఆనించాడు.

"ఏమ్మా," అన్న పాత మెంబరు గొంతు అతనికి ఎక్కడో దూరం నుంచి వినపడింది. "నిన్ను నిలబెట్టినవాడు అప్పుడే పడుకున్నాడే."

వెనకాల నవ్వులు లేచాయి.

"సంతకం పెట్టాకే పడుకున్నాడు లెండి," అంది టైలరమ్మ.

ఆమె వచ్చి పక్కన కూర్చున్నట్టు భుజానికి తెలిసింది. నామినేషన్ రసీదు కోసం కాబోలు, కదలకుండా కూర్చుంది. చుట్టూ గోల ఇంకా పెరిగింది. మెల్లగా మాట్లాడమని ఆమె ఎవరితోనూ అనలేదు.